పెద్దత్త నాటని చెట్టు

అబద్ధం. ఆ చెట్టు నాటింది ఆమె కాదు, నేను.

మొన్న వినాయక చవితికి ముందు, మేము అమ్మేసిన పాత ఇంట్లో ఇప్పుడుంటున్నవాళ్ళ కోడలు ఒక పంపరపనసకాయ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పసిబిడ్డ తలకాయంత ఉంది. "మీ పెద్దత్త నాటిన చెట్టంట గదా అవ్వా! వీధిలో అందరూ అదే చెప్తాండారు. ఈ తూరి శానా కాసిండాది" అంది. పెద్దత్త పోయి ఇన్నేళ్ళయింది. ఆమెను కళ్ళతో చూసినవాళ్ళు ఊళ్ళో ఒకరిద్దరు మిగిలారో లేదో. ఆమె చెప్పిన అబద్ధం మాత్రం చెక్కుచెదరలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ పిల్లకు ఏం జవాబు చెప్పానో తర్వాత చెబుతాను. ముందు ఆ మహాతల్లి ఎలాంటిదో తెలియాలి.

పెద్దత్త అంటే మా మామకు అక్క. చిన్నతనంలోనే మొగుడు పోతే పుట్టింటికి వచ్చి, వచ్చిన రోజునుంచీ ఆ ఇంటిని ఏలింది. పడమటి కర్నూలు సీమలో, ఆదోని పక్క పేట అది. మావాళ్ళకు బట్టల అంగడి. అంగట్లో మామ మాట చెల్లేది, ఇంట్లో ఆయన నోరే లేచేది కాదు. మా అత్త అయితే ఆ వదినగారి ముందు తలెత్తి మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. తాళాలగుత్తి పెద్దత్త నడుముకే వేలాడుతుండేది. ఆమె వస్తున్న సంగతి ఆ చప్పుడే చెప్పేది. ఆ చప్పుడు వినగానే ఇంట్లో అందరమూ ఏదో ఒక పని వెతుక్కునేవాళ్ళం.

ఆమెకొక పాడు అలవాటు. చూపుడువేలు మడిచి, ఆ కణుపుతో ప్రతిదాన్నీ టకటకమని కొట్టి చూసేది. కొత్త బిందె తెస్తే బిందెను, టెంకాయ తెస్తే టెంకాయను, గోడకు సున్నం కొడితే గోడను. పెళ్ళిచూపులకు రాజంపేటకు వచ్చినప్పుడు మా ఇంటి తలుపును కూడా అలాగే కొట్టి చూసిందని మా నాయన నవ్వుతూ చెప్పేవాడు. నా నెత్తిని కొట్టి చూసింది కాపురానికి వచ్చాక. పప్పులో ఉప్పెక్కువైతే ఒకటి, తక్కువైతే ఒకటి.

నన్ను పేరుపెట్టి ఎన్నడూ పిలవలేదు. "ఏ రాజంపేటా!" అనేది. నాకు అమ్మానాన్నా పెట్టిన పేరొకటి ఉందని ఆమెకు తెలుసో లేదో ఇప్పటికీ నాకు సందేహమే. ఏ మాటకైనా చివర "సెప్పినా గదా, అంతే" అనేది. దానికి పైన ఇంక దేవుడికి కూడా మాట్లాడే హక్కు లేదు.

చెట్టు సంగతి మా పెళ్ళి మాటల్లోనే మొదలైంది. చవితి పండుగకు వినాయకుడి తలమీద కట్టే పాలవెల్లికి రకరకాల కాయలు వేలాడదీస్తాం కదా, దాని నడిమధ్య పంపరపనసకాయ ఉండాలని ఆమె పట్టుదల. ఆ ఎండు సీమలో ఆ కాయ ఎక్కడ దొరుకుతుంది? ఎవరో రైల్లో తెచ్చిపెట్టిన ఏడు ఉండేది, తేని ఏడు ఉండేది కాదు. ఒకసారి మంత్రాలయం పోయినప్పుడు తుంగభద్ర గట్టున ఎవరి పెరట్లోనో నిండా కాసిన చెట్టును చూసిందట. అప్పటినుంచీ ఆమెకు అదే ధ్యాస. మా నాయనతో మాటలు ముగిశాక, "పిల్లతో పాటు ఒక పంపరపనస అంటు గూడా పంపియ్యప్పా. మీ పక్క అన్నీ తోటలేనంట గదా" అంది. చెట్లంటే ఇష్టమున్న మనిషి, మంచిదై ఉంటుంది అనుకున్నాడు మా నాయన. ఆయన అమాయకుడు.

అలా కిరసనాయిల డబ్బాలో నాటిన అంటుమొక్కను ఒళ్ళో పెట్టుకుని నేను కాపురానికి పోయాను. రైల్లో నా పట్టుచీర నిండా మట్టి. కడప దాటే దాకా ఏడుస్తూనే ఉన్నాను. కడప దాటాక ఆకులు ఎండకు వాడకుండా కొంగు కప్పడంలో పడి ఏడుపు మరచిపోయాను. నిజం చెప్పాలంటే ఆ ప్రయాణంలో నాకు తెలిసిన ప్రాణి అదొక్కటే. అందుకే ఆ మొక్క నాదనుకున్నాను.

మర్నాడు పొద్దున పెరట్లో గుంత తవ్వించింది పెద్దత్త. ఎర్రమట్టి, పాత ఎరువు పోయించింది. తవ్విన మనిషి మొక్క పెట్టమనకముందే పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నాకది అప్పుడు వింతగా అనిపించలేదు. "రాజంపేటా, నువ్వు నాటు. కొత్తకోడలి సెయ్యి సల్లగుంటాది" అంది పెద్దత్త. పొంగిపోయాను. ఇంటికొచ్చిన మర్నాడే ఇంత మర్యాదా అని. మా ఆయన మట్టి తొయ్యడానికి ముందుకొస్తే, "నువ్వు ఇవతలికి రారా!" అని కసురుకుని రెక్క పట్టి లాగింది. మా అత్త గడప దాటి బయటికే రాలేదు. మామ అంగడికి తొందరగా వెళ్ళిపోయాడు. గుంతలో చేతులు పెట్టినదాన్ని నేనొక్కదాన్నే. కొత్తకోడలికి ఇచ్చిన గౌరవమనుకుని, వేళ్ళకు మట్టి సర్ది, చెంబెడు నీళ్ళు పోసి, దండం కూడా పెట్టాను.

ఆ తర్వాత నాకు దొరికిన గౌరవమల్లా నీళ్ళు మోయడమే. మా పెరటిబావి నీళ్ళు ఉప్పు. ఆ నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. తియ్యనీళ్ళు కావాలంటే ఊరి చివర బావికి పోవాలి. ఆ తియ్యనీళ్ళు తాగడానికి, పప్పుకు, ఆ చెట్టుకు. నా తలకు మాత్రం ఉప్పునీళ్ళే. రాజంపేటలో నల్లగా నిగనిగలాడిన జుట్టు ఏడాది తిరిగేసరికి టెంకాయ పీచులా అయింది. ఒకనాడు సాహసం చేసి, "అత్తా, ఒక బిందె తియ్యనీళ్ళు తలకు పోసుకుంటా" అన్నాను. "నీ నెత్తిన కాయలు కాస్తాయా?" అంది. ఎండాకాలంలో బావి అడుగంటి, మనుషులం గుక్కెడు నీళ్ళకు చూసుకుంటున్న రోజుల్లో కూడా దాని పాదు తడి ఆరలేదు. బియ్యం కడిగిన నీళ్ళు దానికే, మామ స్నానం చేసిన నీళ్ళూ దానికే. స్నానాల బండ నుంచి చెట్టు దాకా కాలువ తీయించి, ఆ కాలువ పక్కన రాయి వేసుకుని కూర్చునేది ఆమె, ఎవరైనా నీళ్ళు అటూ ఇటూ పారబోస్తారేమోనని.

చెట్టు నా ఎత్తు దాటింది. మొదటిసారి పూత వచ్చిన పొద్దు నాకు ఇప్పటికీ గుర్తే. తెల్లటి దళసరి రేకులు, పెరడంతా ఘుమఘుమ. నేను పరుగెత్తుకుంటూ లోపలికి పోయి, "అత్తా, చెట్టు పూసింది!" అని అరిచాను. ఆమె ముఖం వెలుగుతుందనుకున్నాను. ఆమె లేచి బయటికి వచ్చి పూతను చూసింది, నన్ను చూసింది, మళ్ళీ పూతను చూసింది. "సర్లే, పనికి పో" అంది.

మరుసటి పొద్దుకు చెట్టు మీద ఒక్క పువ్వు లేదు. దేవుడి ముందు పళ్ళెం నిండా ఉన్నాయి. మళ్ళీ మొగ్గ తొడిగితే మళ్ళీ కోసేసింది. నేను కళ్ళాపి చల్లడానికి లేచేసరికే ఆమె ముక్కాలిపీట ఎక్కి, ముళ్ళు గీచుకున్న చేతులతో కొమ్మ కొమ్మా వెతుకుతుండేది. "పూలన్నీ కోస్తే కాయలెట్ల కాస్తాయత్తా?" అంటే, "దేవునికి పూలు ఎక్కువైనాయా? సెప్పినా గదా, అంతే" అనేది. మరుసటి ఏడూ అంతే. చూస్తూ చూస్తూ నాకు కడుపు రగిలిపోయింది. ఇంతకాలం నీళ్ళు మోసింది నేను. కాయ కాస్తే నేనొక తొన తింటానేమోనని ఆమెకు కుళ్ళు. అంతకు మించి కారణం నాకు తోచలేదు. ఆమె అలాంటిదే మరి. అప్పటికి నాకు కొడుకు పుట్టాడు. వాడికైనా కాయ దక్కనివ్వదు అనుకున్నాను.

మూడో ఏడు ఆమె కంటికి ఒకటి తప్పింది. గోడవైపు కొమ్మలో, ఆకుల చాటున, నిమ్మకాయంత పిందెను నేను చూశాను. చూసి నోరు కట్టేసుకున్నాను. ఆమెకు అప్పటికే చూపు మందగించింది. నేను రోజూ నీళ్ళు పోసే నెపంతో పోయి, దాన్ని చూసుకుని, ఆకులు సర్ది వచ్చేదాన్ని. ఆమెకు తెలియకుండా ఆ ఇంట్లో నాకు దక్కిన సంతోషం అదొక్కటే. అది బత్తాయంత అయింది, ఆ తర్వాత చెంబంత అయింది. కొమ్మ వంగింది. చవితి ఇంక వారంలో ఉందనగా ఆమె దాన్ని చూసేసింది.

కోసి పారేస్తుందనుకున్నాను. కొయ్యలేదు. కాయ కింద అలాగే నిలబడిపోయింది. వేలితో కొట్టి కూడా చూడలేదు. ఆ సాయంకాలమే వీధిలోకి పోయి ఇంటింటికీ చెప్పడం మొదలుపెట్టింది: "మా దొడ్లో పంపరపనస కాసిందమ్మా. నా సేత్తో నాటిన సెట్టు. ఇన్నాళ్ళకు కాసింది."

నేను నమ్మలేకపోయాను. కసిరినా, కొట్టినా, ఉప్పునీళ్ళు పోసుకోమన్నా ఊరుకున్నాను గానీ, ఇది మాత్రం నావల్ల కాలేదు. మా నాయన ఇచ్చిన మొక్క, నా ఒళ్ళో వచ్చిన మొక్క.

చవితి రోజు పాలవెల్లి నడిమధ్య ఆ కాయ వేలాడుతోంది. పేరంటాళ్ళందరూ వచ్చి దాన్నే చూస్తున్నారు. పెద్దత్త గోడవారగా నిలబడి అందరికీ అదే పాట పాడుతోంది. "నేను నాటిండేదే. ఈ సేతులతో." నేను తాంబూలం పళ్ళెం పట్టుకుని ఉన్నాను. "కాదు, నాటిండేది నేను. మా నాయన పంపిచ్చిన అంటు" అన్నాను, అందరికీ వినబడేట్టు.

చెంప మీద ఫెడీమని పడింది. పళ్ళెం కింద పడి ఆకులూ వక్కలూ చెదిరిపోయాయి. "నోరు ముయ్! నేను నాటినా! ఇంగొకసారి ఆ మాట అంటే నాలిక కోస్తా!" అని ఊగిపోయింది. వచ్చినవాళ్ళు మెల్లగా జారుకున్నారు. పూజ అయ్యాక ఆ కాయను తానే కోయించి, మొదటి తొన తానే నోట్లో వేసుకుంది. మిగతాది ఇంట్లో అందరికీ పంచింది, నాకు తప్ప. "రాజంపేటకు వొద్దు" అంది. పసివాడి చేతిలో కూడా ఒక తొన పెట్టింది, కన్నతల్లిని నాకు పెట్టలేదు.

మర్నాడు నేను బియ్యం ఏరుతూ ఏడుస్తుంటే మా అత్త వచ్చి పక్కన కూర్చుంది. తలుపువైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "పాపా, ఆ సెట్టు మాట ఎత్తొద్దు. ఈ పక్కల ఒక నమ్మకం ఉండాది. పంపరపనస ఎవురు నాటితే వాళ్ళు దాని కాయ సూసినాక ఎక్కువ దినాలు బతకరంట. అందుకే ఎవురూ ముందుకు రాల్యా ఆ పొద్దు."

మా రాజంపేట వైపు ఇంటికొక తోట. అక్కడ ఇలాంటి భయం పెట్టుకుంటే ఊళ్ళో ఒక్క మనిషి మిగలడు. ఇక్కడ చెట్టే కరువు గనుక చెట్టుకు ఇన్ని కథలు. అలా తీసిపారేయాలనుకున్నాను గానీ కుదరలేదు. చంకలో పాలు తాగే బిడ్డ ఉన్నవాళ్ళకు నమ్మకం లేకపోయినా భయం ఉంటుంది. పార భుజాన వేసుకుని వెళ్ళిపోయిన మనిషి, గడప దాటని మా అత్త, తొందరగా అంగడికి పోయిన మామ, పెద్దత్త వెనక్కి లాగేసిన మా ఆయన, అందరూ ఒక్కసారిగా కళ్ళముందు నిలబడ్డారు. అందరికీ తెలుసు. తెలియనిది నాకొక్కదానికే.

పిల్లవాణ్ణి చంకనేసుకుని నేరుగా పెరట్లోకి పోయాను. ఆమె తన రాతిమీద కూర్చుని ఉంది.

"అత్తా, ఆ సెట్టు నాటినోళ్ళు కాయ సూస్తే బతకరని నీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

"తెలిసే నాతో నాటిచ్చినావా?"

"తెలిసే నాటిచ్చినా."

ఒక్క క్షణం కూడా తడబడలేదు. నేను గట్టిగా అరిచాను. "నా పాణం అంత అగ్గువైపోయినాదా నీకు?"

"అప్పుడు నువ్వెవురో నాకేం తెలుసు? ముందురోజు రైలు దిగి వచ్చినావు. మా తమ్మునితో నాటియ్యాల్నా? వాని కొడుకుతోనా? మీ అత్తను సంపుకోవాల్నా? కూలోళ్ళను అడిగితే ఒక్కడూ ఒప్పుకోల్యా. నువ్వు కొత్తదానివి. అంతే."

"అంత మోజుంటే నువ్వే నాటుకోవాల."

"మొగుడు పోయినదాని సెయ్యి పడితే సెట్టు బతకదంటారు."

"ఇంట్లో అన్నిటి మీదా పడేది ఆ సెయ్యే గదా! గుంత కాడికి వచ్చినప్పుడు మాత్రం పనికిరాకుండా పోయినాదా?"

నాకు ఇంకా కసి తీరలేదు. "మరి ఇప్పుడు నువ్వు నాటినావని ఊరంతా ఏంటికి సెప్పుకుంటాండావు?" అన్నాను.

ఆమె నా చంకలోని బిడ్డను చూసింది. తాళాలగుత్తిని ఒళ్ళోకి లాక్కుంది. "పాణం కోసం వచ్చేటోడు ఎవురు నాటినారని అడిగితే, ఊర్లో అందరి నోట్లో ఒకటే మాట ఉండాల. పూత కోసి కోసి నా సేతులు పోయినాయి, అయినా ఒకటి తప్పిచ్చుకునె. ఇంగేం సేసేది? నేను ఇంటింటికీ తిరిగి నేను నాటినా అని సెప్తాంటే, నువ్వొకదానివి నడమ నిలబడి అరుస్తాండావు, నేను నాటినా నేను నాటినా అని" అంది. అని, "పో, పప్పు అడుగంటతాంది" అంది.

ఇంకెవరైనా అయితే ఆ క్షణాన ఆమె కాళ్ళమీద పడి ఏడ్చేవాళ్ళేమో. నేను పడలేదు. వెళ్ళి పప్పు దించాను. గుంతలోకి తోసిన చెయ్యీ ఆమెదే, పైకి లాగడానికి చాచిన చెయ్యీ ఆమెదే. రెండోది చూసి మొదటిది మరచిపోయేంత మంచిదాన్ని కాను నేను. నాలుగేళ్ళు వంటచేసి పెట్టి, నీళ్ళు మోసి, ఆ ఇంటికి ఒక బిడ్డను కని ఇచ్చాక గానీ నా ప్రాణానికి ఆమె దగ్గర విలువ రాలేదు. ఆ మొదటి పొద్దున రైలు దిగిన ఆడపిల్ల ప్రాణం మాటేమిటి? దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపమే వస్తుంది.

ఆ తర్వాత ఏటా చెట్టు కాసింది. ఏటా ఆమె మొదటి తొన తిని, తానే నాటానని చాటి, నన్ను ఆ పక్కకు పోనివ్వలేదు. నీళ్ళు పోసే పని మాత్రం తప్పలేదు లెండి, కాయలున్నప్పుడు తల దించుకుని పోసి రమ్మనేది. ఆమెకు ఏమీ కాలేదు. అడిగేవాడెవడైనా వచ్చినా ఆమె నోరు చూసి గుమ్మం నుంచే తిరిగిపోయి ఉంటాడు.

ఆమె పోయింది ఒక వేసవిలో, జ్వరంతో. చెట్టుమీద అప్పుడు పిందెలు తప్ప కాయలు లేవు. చూడవచ్చినవాళ్ళు మంచం చుట్టూ ఉన్నారు. "రాజంపేటా, ఈడికి రా" అని పిలిచింది. గొంతు పీలగా ఉంది గానీ పెత్తనం తగ్గలేదు. "సెప్పు, అందరికీ వినబడేట్టు. దొడ్లో సెట్టు ఎవురు నాటినారు?"

అందరూ నావైపు చూశారు. ఆమె పోయాక నేను మళ్ళీ నోరు విప్పుతానని ఆమె భయం. తన మాట నాతోనే ఒప్పించి పోవాలని చూస్తోంది. అది నాకోసమేనని నాకు తెలుసు. తెలిసినా నాలుక తిరగలేదు. "నాటింది నేను. నాటిచ్చింది నువ్వు" అన్నాను.

ఆమె వేలు మడిచి చెయ్యెత్తింది. నా నెత్తి దాకా అందలేదు, మంచంపట్టె మీద టక్కున పడింది. "మొండిది" అంది. "మొండిదే కావాల. అట్లనే బతుకు." ఆ మాట తిట్టో, మరింకేమో నాకు తెలియదు. అడుగుదామన్నా ఆమె మళ్ళీ కళ్ళు తెరవలేదు. నాకు ఏడుపు రాలేదు. ఊళ్ళోవాళ్ళు చూస్తున్నారని ఏడ్చాను.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. మోకాళ్ళు పట్టేశాయి, కళ్ళు మసక. అయినా మనవడి కూతురు వాకిట్లో ఆడుతుంటే చూస్తూ ఇంకొన్నాళ్ళు ఉండాలనే ఉంది. మొన్న ఆ పిల్ల తెచ్చిన కాయను ఒళ్ళో పెట్టుకుని, వేలు మడిచి టకటక కొట్టి చూశాను. ఎప్పుడు అంటిందో ఈ పాడు అలవాటు నాకూ అంటింది.

"మీ పెద్దత్తనే గదా అవ్వా నాటింది?" అని ఆ పిల్ల మళ్ళీ అడిగింది.

"అవునమ్మా" అన్నాను. ఆ మనిషి బతికుండగా ఆ ఒక్క మాటా నేను ఆమెకు ఇవ్వలేదు. "ఆమే నాటింది. ఎవురడిగినా ఆ పేరే సెప్పు."

"శానా మంచి మనిషంట గదా?"

"కాదు" అన్నాను. "మంచి మనిషి కాదు. సెట్టు నాటిండేది మాత్రం ఆమే."